లెస్టర్‌లో ఎవరెంతమంది? నగర జనాభాపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ మధ్యభాగంలో, ఈస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ఉన్న నగరం లెస్టర్. అక్కడ ఎమ్మెస్ సీటు వచ్చిన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, బ్రిటన్ ప్రభుత్వ వైద్య సంస్థ అయిన ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగం కోసం వెళ్లే నర్సులు తరచూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. అంకెలు ప్రధానంగా 2021 మార్చి 21న జరిగిన సెన్సస్‌వి. వేరే ఏడాదివైతే అక్కడే చెప్పాను.

లెస్టర్ జనాభా ఎంత?

2021 సెన్సస్ ప్రకారం 3,68,600. 2011లో 3,29,800 ఉండేది. అంటే పదేళ్లలో 11.8 శాతం పెరిగింది. అదే కాలంలో ఇంగ్లండ్ మొత్తం పెరిగింది 6.6 శాతం, ఈస్ట్ మిడ్‌లాండ్స్ 7.7 శాతం. ఇంకొంచెం వెనక్కి వెళ్తే 2001లో లెస్టర్ జనాభా 2,79,900 మాత్రమే. ఇరవై ఏళ్లలో దాదాపు 89 వేల మంది పెరిగారు. సరిహద్దులు మాత్రం జరగలేదు, అదే 73 చదరపు కిలోమీటర్లు. అందుకే ఇప్పుడు చదరపు కిలోమీటరుకు 5,000 మంది లెక్కన ఉన్నారు. అద్దె ఇల్లు దొరకడం ఎందుకంత కష్టమో ఈ ఒక్క అంకె చూస్తే అర్థమవుతుంది.

సెన్సస్ తర్వాత ఏటా వచ్చే అంచనాల్లో జనాభా 3.7 లక్షలు దాటింది.

ఒకచోట మూడున్నర లక్షలంటారు, ఇంకోచోట ఐదు లక్షలంటారు, మరోచోట పది లక్షలు. ఏది నిజం?

అన్నీ నిజమే. గీత ఎక్కడ గీశారన్నదే తేడా. జనాభా అంకె చూసినప్పుడల్లా ముందు అడగాల్సింది ఇదే.

3,68,600 అన్నది లెస్టర్ నగర కౌన్సిల్ పరిధి. 1997 ఏప్రిల్ నుంచి ఇది 'యూనిటరీ అథారిటీ'. అంటే చెత్త ఎత్తడం నుంచి స్కూళ్ల దాకా అన్నీ ఒక్క కౌన్సిలే చూసుకుంటుంది, పైన కౌంటీ కౌన్సిల్ ఉండదు. చుట్టూ ఉన్న లెస్టర్‌షైర్ కౌంటీ వేరు. దాని కింద ఏడు జిల్లా కౌన్సిళ్లు ఉన్నాయి, జనాభా 7,12,300. నగరాన్నీ కౌంటీనీ కలిపి చెబితే పదిన్నర లక్షలు దాటుతుంది. ఐదు లక్షలన్నది ఎడతెగకుండా ఇళ్లున్న పట్టణ ప్రాంతమంతా కలిపిన లెక్క. అందులో ఓడ్‌బీ, విగ్‌స్టన్, బర్‌స్టల్, థర్మాస్టన్ లాంటి శివార్లు కూడా వస్తాయి. రోడ్డు మీద నడుస్తుంటే ఎక్కడ నగరం అయిపోయిందో, ఎక్కడ పక్క జిల్లా మొదలైందో తెలియదు.

దీనివల్ల వచ్చే తేడాకు ఒక మంచి ఉదాహరణ ఉంది. యూనివర్సిటీ ఆఫ్ లెస్టర్ హాస్టళ్లలో పెద్ద భాగం ఓడ్‌బీలో ఉన్నాయి. అక్కడుండే విద్యార్థి రోజూ బస్సెక్కి లెస్టర్‌లో చదువుకున్నా, సెన్సస్‌లో 'ఓడ్‌బీ అండ్ విగ్‌స్టన్' అనే చిన్న జిల్లా లెక్కలోకి వెళ్తాడు. ఆ జిల్లా జనాభా 57,700 మాత్రమే. ఒక హాస్టల్ సముదాయం ఇంత చిన్న జిల్లా వయసు పట్టికను కూడా మార్చేయగలదు.

ఈ గీతలు శాశ్వతమేమీ కాదు. రెండంచెల కౌన్సిళ్లున్న చోట్ల వాటిని ఒక్కటి చేస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2024 డిసెంబర్‌లో శ్వేతపత్రం విడుదల చేసింది. లెస్టర్ సరిహద్దును శివార్లకు విస్తరించాలన్న చర్చ అప్పటి నుంచి ఊపందుకుంది. రేపు గీత మారితే, ఒక్క మనిషి కూడా ఇల్లు మారకుండానే 'లెస్టర్ జనాభా' పెరిగిపోతుంది.

లెస్టర్‌లో తెల్లవాళ్లు మైనారిటీ అయ్యారంటారు, నిజమేనా?

సగం కంటే తక్కువన్నది నిజం. 2021లో తెల్లజాతి అని రాసుకున్నవాళ్లు 40.9 శాతం, ఆసియా మూలాలవాళ్లు 43.4 శాతం (వీళ్లలో 'ఇండియన్' అని రాసుకున్నవాళ్లే నగర జనాభాలో 34.3 శాతం), నల్లజాతివాళ్లు 7.8 శాతం, మిశ్రమ మూలాలవాళ్లు 3.8 శాతం, మిగతావాళ్లు 4.1 శాతం. ఏ ఒక్క వర్గమూ సగం దాటలేదు కాబట్టి ఇక్కడ మెజారిటీ అంటూ ఎవరూ లేరు.

2022 నవంబర్ 29న ఈ అంకెలు బయటికి రాగానే బ్రిటన్ పత్రికల్లో పెద్ద పెద్ద శీర్షికలు వచ్చాయి, రాత్రికి రాత్రే ఏదో జరిగిపోయినట్టు. ఒక్క పట్టిక వెనక్కి తిప్పితే చాలు. 'తెల్లజాతి' అన్నది పెద్ద గుంపు. అందులో బ్రిటిష్, ఐరిష్, పోలండ్, రొమేనియా వాళ్లందరూ ఉంటారు. 'వైట్ బ్రిటిష్' అని విడిగా చూస్తే 2011లోనే 45.1 శాతం, అంటే అప్పటికే సగం కన్నా తక్కువ. 2021 నాటికి అది 33.2 అయింది. మొత్తం తెల్లజాతి 2011లో 50.6 శాతం ఉండి, ఆ తర్వాత సగం కిందికి దిగింది. ఏ అంకె పట్టుకుంటే ఆ కథ వస్తుంది. జాతి గురించిన వాదనలో ఎవరైనా శాతం చెబితే, అది 'వైట్'దా, 'వైట్ బ్రిటిష్'దా అని తప్పకుండా అడగండి.

34.3 శాతం 'ఇండియన్' అంటే, వాళ్లందరూ ఇండియా నుంచి వచ్చినవాళ్లేనా?

కాదు. లెస్టర్ గురించి తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇక్కడే ఉంది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇండియన్ల వాటా అత్యధికంగా ఉన్నది లెస్టర్‌లోనే. అంకెల్లో లక్షా 26 వేల మంది. అయితే సెన్సస్‌లో 'ఎక్కడ పుట్టారు' అన్నది వేరే ప్రశ్న. దానికి 'ఇండియా' అని రాసింది సుమారు 59,900 మంది, అంటే 16.2 శాతం. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇండియన్ అని గడి నింపినవాళ్లలో సగానికి పైగా ఇండియాలో పుట్టనేలేదు. చాలామంది లెస్టర్‌లోనే పుట్టారు. ఇంకా కొందరు కంపాలాలోనో నైరోబీలోనో పుట్టారు.

అంటే, ముత్తాత గుజరాత్ నుంచి ఓడలో మొంబాసా వెళ్లి, తాత ఉగాండాలో కొట్టు నడిపి, తండ్రి లెస్టర్ ఫ్యాక్టరీలో పనిచేసి, తాను అదే ఊళ్లో లాయరైన అమ్మాయి, నిరుడు సెప్టెంబర్‌లో హైదరాబాద్ నుంచి దిగిన ఎమ్మెస్ విద్యార్థి ఒకే గడిలో పడతారు. వాళ్ల భాష, ఆదాయం, ఇల్లు, పాస్‌పోర్ట్, ఓటు, వేటికీ పోలిక లేదు. 'లెస్టర్‌లో మూడోవంతు మనవాళ్లే' అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు ఈ తేడా చెప్పరు. ఆ మాట నమ్మి, దిగగానే సాయానికి ఎవరో ఒకరు ఉంటారనుకుని వచ్చే పిల్లల్ని తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

అసలు ఉగాండా వాళ్లు లెస్టర్‌కే ఎందుకొచ్చారు?

పని ఉండటం వల్ల, అప్పటికే అయినవాళ్లు ఉండటం వల్ల.

లెస్టర్ అప్పట్లో అల్లిక మిల్లుల ఊరు. సాక్సులు, బనియన్లు, స్వెటర్లు, వీటితోపాటు బూట్లు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఇద్దరికీ పని దొరికేది కాబట్టి ఒక ఇంట్లో రెండు జీతాలు వచ్చేవి. 1960ల్లో ఇండియా నుంచి, కెన్యా నుంచి వచ్చిన కుటుంబాలు హైఫీల్డ్స్, బెల్‌గ్రేవ్ ప్రాంతాల్లో పాత వరస ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డాయి.

1972 ఆగస్టులో ఉగాండా నియంత ఇదీ అమీన్ అక్కడి ఆసియా వాసులకు దేశం విడిచి వెళ్లమని 90 రోజుల గడువు పెట్టాడు. సుమారు 28 వేల మంది బ్రిటన్‌కు వచ్చారు. వాళ్లలో చాలామంది లెస్టర్ వైపు చూస్తున్నారని తెలిసి, సెప్టెంబర్‌లో నగర కౌన్సిల్ కంపాలాలో వెలువడే 'ఉగాండా ఆర్గస్' పత్రికలో ఒక ప్రకటన వేయించింది. ఇళ్లు లేవు, స్కూళ్లలో చోటు లేదు, ఆస్పత్రుల మీద భారం పడింది, మీ మేలు కోరే చెబుతున్నాం, లెస్టర్‌కు రావద్దు. ఇదీ దాని సారాంశం. ప్రభుత్వం వేసిన పునరావాస బోర్డు కూడా ఊళ్లను ఎరుపు, ఆకుపచ్చ అని విభజించి, లెస్టర్‌ను వెళ్లకూడని ఎరుపు జాబితాలో పెట్టింది.

అయినా వేలమంది వచ్చారు. ఆ ప్రకటన చూశాకే లెస్టర్ పేరు తెలిసిందని చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. వచ్చిన వెంటనే అంతా సాఫీగా సాగిపోలేదు. 1974లో ఇంపీరియల్ టైప్‌రైటర్స్ ఫ్యాక్టరీలో ఆసియా కార్మికులు బోనస్ విషయంలో, తమపై చూపుతున్న వివక్ష మీద సమ్మెకు దిగితే, సొంత యూనియనే వాళ్ల వెంట నిలబడలేదు. ఇవాళ దీపావళికి కౌన్సిల్ స్వయంగా దీపాలు కట్టే బెల్‌గ్రేవ్ రోడ్డు వెనుక ఇంత చరిత్ర ఉంది. చీరల కొట్లు, నగల దుకాణాలు, మిఠాయి అంగళ్లు బారులు తీరిన ఆ రోడ్డునే గోల్డెన్ మైల్ అంటారు. రావద్దన్న ఊరు యాభై ఏళ్లలో ఈ వైవిధ్యాన్నే తన గుర్తింపుగా చెప్పుకునే స్థాయికి వచ్చింది. ఆ ఘనత ఎక్కువగా, రావద్దన్నా వచ్చి నిలదొక్కుకున్నవాళ్లదే అని నా అభిప్రాయం.

పోర్చుగీస్ పాస్‌పోర్ట్ ఉన్న గుజరాతీలు ఉంటారట, వాళ్లెవరు?

డామన్, డయ్యూ ప్రాంతాలవాళ్లు. గోవాతో పాటు అవి 1961 డిసెంబర్ దాకా పోర్చుగల్ పాలనలో ఉండేవి. ఆ కాలంలో అక్కడ పుట్టినవాళ్లకు, వాళ్ల సంతానానికి పోర్చుగల్ పౌరసత్వం తీసుకునే వీలుంది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నంతకాలం ఆ పాస్‌పోర్ట్‌తో వచ్చి హాయిగా పనిచేసుకోవచ్చు. 2020 చివరితో ఆ దారి మూసుకుపోయింది. లెస్టర్‌లో ఇండియాలో పుట్టినవాళ్ల వాటా 2011లో 11.6 శాతం నుంచి 2021లో 16.2కి పెరగడంలో వీళ్ల పాత్ర పెద్దది. గమనించండి, వీళ్లు పుట్టిన దేశం పట్టికలో ఇండియా, పాస్‌పోర్ట్ పట్టికలో పోర్చుగల్. రెండో పట్టిక ఒక్కటే చూసినవాళ్లు లెస్టర్‌లో ఇంతమంది పోర్చుగీసువాళ్లా అని ఆశ్చర్యపోతారు.

మతాల వారీగా ఎలా ఉంది?

క్రైస్తవులు 24.7 శాతం, ముస్లింలు 23.5, ఏ మతమూ లేదన్నవాళ్లు 23.0, హిందువులు 17.9, సిక్కులు 4.5. ఈ ప్రశ్నకు జవాబివ్వడం తప్పనిసరి కాదు, కొంతమంది ఖాళీగా వదిలేశారు.

2011తో పోలిస్తే క్రైస్తవులు 32.4 నుంచి తగ్గారు, ముస్లింలు 18.6 నుంచి, హిందువులు 15.2 నుంచి పెరిగారు. నన్ను ఎక్కువగా ఆకర్షించింది మాత్రం కదలని అంకె. ఏ మతమూ లేదన్నవాళ్లు 22.8 నుంచి 23.0కి, అంటే ఉన్నచోటే ఉన్నారు. ఇంగ్లండ్, వేల్స్ మొత్తం మీద ఆ వాటా 37.2 శాతానికి ఎగబాకింది. దేశమంతా మతానికి దూరం జరుగుతున్న కాలంలో లెస్టర్ అలా జరగలేదు. గుడి, మసీదు, గురుద్వారా, చర్చి అన్నీ నిండుగా కనిపించే ఊరిది. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో పాత క్రైస్తవ ప్రార్థనా మందిరాన్ని జైన ఆలయంగా మార్చారు. లోపల చెక్కిన పాలరాతి స్తంభాలు చూడటానికైనా ఒకసారి వెళ్లండి.

హిందువుల శాతంలో లెస్టర్‌దే మొదటి స్థానమని కొందరనుకుంటారు. అది లండన్‌లోని హ్యారో, 25.8 శాతంతో.

తెలుగువాళ్లు ఎంతమంది? 2021 అంకెలు సరిపోతాయా?

సరిపోవు. ఎందుకో చెబుతాను.

సెన్సస్‌లో 'మీ ముఖ్య భాష ఏది' అనే ప్రశ్నకు ఇంగ్లిష్ అని గడి నింపాలి, లేదా పక్కన ఖాళీలో వేరే భాష పేరు రాయాలి. ఆ ఖాళీలో రాసిన పేర్లనుంచే వివరమైన పట్టిక తయారవుతుంది. అందులో గుజరాతీ, పంజాబీ, తమిళంతో పాటు తెలుగుకూ విడిగా వరస ఉంది. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఆఫీసులో ఇంగ్లిషే కదా అని ఇంగ్లిష్ గడి నింపినవాళ్లు ఆ వరసలో కనపడరు. ముఖ్య భాష ఒక్కటే అడుగుతారు, ఇంకేం భాషలు వచ్చని అడగరు.

అంతకన్నా పెద్ద కారణం తేదీ. సెన్సస్ జరిగింది 2021 మార్చిలో. చదువయ్యాక ఉండి పనిచేసుకునే గ్రాడ్యుయేట్ రూట్ వీసా మొదలైంది 2021 జులై 1న. ఆంధ్ర, తెలంగాణల నుంచి విద్యార్థులు, వాళ్ల భార్యాభర్తలు పెద్ద సంఖ్యలో వచ్చిన కెరటం ఆ తర్వాతిదే. 2024 జనవరి నుంచి సాధారణ మాస్టర్స్ చేసేవాళ్లు కుటుంబాన్ని వెంట తెచ్చుకునే వీలు పోయింది, దాంతో కుటుంబాల రాక బాగా తగ్గింది. ఈ వచ్చిపోవడాలేవీ 2021 పట్టికలో లేవు. కాబట్టి ఆ పట్టికలోని తెలుగు వరసను కనీస సంఖ్యగా మాత్రమే తీసుకోండి.

మిగతా భాషల సంగతి?

ప్రతి పది మందిలో దాదాపు ముగ్గురి ముఖ్య భాష ఇంగ్లిష్ కాదు. ఇంగ్లిష్ తర్వాతి స్థానం గుజరాతీది. హిందీ వచ్చుంటే బెల్‌గ్రేవ్ రోడ్డులో పని జరుగుతుంది. అలాగని ఇంగ్లిష్ మీద పట్టు అక్కర్లేదనుకోవద్దు, పార్ట్‌టైమ్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో అదే చూస్తారు.

లెస్టర్ కుర్రకారు ఊరా?

అవును. మధ్యస్థ వయసు (సగం మంది అంతకన్నా చిన్నవాళ్లు, సగం మంది పెద్దవాళ్లు) 33 ఏళ్లు, ఇంగ్లండ్‌లో అది 40. రెండు యూనివర్సిటీలు, యూనివర్సిటీ ఆఫ్ లెస్టర్, డి మాంట్‌ఫర్ట్, ఒక కారణం. చిన్నపిల్లలున్న కుటుంబాలు ఎక్కువ ఉండటం రెండో కారణం. 2011లో మధ్యస్థ వయసు 31 ఉండేది కాబట్టి ఈ ఊరి వయసూ మెల్లగా పెరుగుతోంది. 1970ల్లో వచ్చిన తరం ఇప్పుడు డెబ్బైలు, ఎనభైల్లో ఉంది. వాళ్ల సొంత భాషలో మాట్లాడే సంరక్షకుల అవసరం పెరుగుతోంది.

ఏ ఏరియాలో ఎవరెక్కువ?

ఉత్తరాన, ఈశాన్యాన బెల్‌గ్రేవ్, రషీ మీడ్‌లలో గుజరాతీ హిందువులు ఎక్కువ. తూర్పున హైఫీల్డ్స్, స్పిన్నీ హిల్స్, నార్త్ ఎవింగ్టన్‌లలో ముస్లింలు ఎక్కువ. అందులోనూ గుజరాతీ ముస్లింలు, 2000 ప్రాంతంలో నెదర్లాండ్స్ లాంటి దేశాల మీదుగా వచ్చిన సోమాలీలు ఉన్నారు. పడమర, దక్షిణాన బ్రాన్‌స్టన్, న్యూ పార్క్స్, ఐర్స్ మాన్సెల్ లాంటి కౌన్సిల్ ఇళ్ల కాలనీల్లో తెల్లవాళ్లు ఎక్కువ. క్లారెండన్ పార్క్‌లోనూ, డి మాంట్‌ఫర్ట్ వైపు నార్‌బరో రోడ్డు చుట్టుపక్కలా విద్యార్థులు కనిపిస్తారు. ఆ నార్‌బరో రోడ్డులో కొట్లు నడిపేవాళ్లు 20కి పైగా దేశాల్లో పుట్టినవాళ్లని లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు లెక్క తేల్చారు.

ఇవన్నీ 'ఎక్కువ' అనే మాటకు లోబడే. ఏ వీధీ ఒక్కరిది కాదు. కాస్త సంపాదించాక ఓడ్‌బీకి మారడం ఇక్కడ రెండు మూడు తరాలుగా ఉన్నదే.

2022లో జరిగిన గొడవలకు ఈ జనాభా మార్పే కారణమా?

ఆగస్టు చివర్లో దుబాయ్‌లో జరిగిన ఇండియా–పాకిస్తాన్ ఆసియా కప్ మ్యాచ్ తర్వాత మొదలైన ఉద్రిక్తత, సెప్టెంబర్‌లో తూర్పు లెస్టర్‌లో హిందూ, ముస్లిం యువకుల గుంపుల మధ్య ఘర్షణలకు దారితీసింది. సోషల్ మీడియాలో అబద్ధపు కథనాలు మంటను పెంచాయి. దానికి శాతాలను కారణంగా చూపించడం నాకు అస్సలు నచ్చదు. ఈ రెండు వర్గాలూ యాభై ఏళ్లుగా పక్కపక్క వీధుల్లో ఉంటున్నాయి, ఒకే మిల్లుల్లో పనిచేశాయి, చాలా ఇళ్లలో మాట్లాడేది ఒకే గుజరాతీ. 17.9, 23.5 అన్న రెండు అంకెలు ఎవరినీ వీధిలోకి లాగవు, లాగేవాళ్లు వేరే ఉంటారు.

పేద ఊరా, ధనిక ఊరా?

2019 నాటి ప్రభుత్వ వెనుకబాటు సూచికలో ఇంగ్లండ్‌లోని 317 జిల్లాల్లో లెస్టర్‌ది 32వ స్థానం, పేదరికం వైపు నుంచి. అంటే బాగా వెనుకబడ్డవాటిలో ఒకటి. మిల్లులు మూతపడ్డాక వచ్చిన ఉద్యోగాల్లో తక్కువ జీతాలవి చాలా ఉన్నాయి.

మనకు అక్కడ ఓటు ఉంటుందా?

ఉంటుంది. కామన్వెల్త్ పౌరులకు, సరైన వీసాతో అక్కడ నివసిస్తుంటే, ఇండియా పాస్‌పోర్ట్‌తోనే పార్లమెంటు ఎన్నికల్లోనూ స్థానిక ఎన్నికల్లోనూ ఓటేసే హక్కుంది. విద్యార్థులకూ వర్తిస్తుంది. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. 2024లో దేశమంతా లేబర్ గాలి వీచినా, లెస్టర్ ఈస్ట్‌లో కన్జర్వేటివ్ అభ్యర్థి శివానీ రాజా, లెస్టర్ సౌత్‌లో స్వతంత్రుడు షాకత్ ఆడమ్ గెలిచారు. స్థానిక ఓటర్ల కూర్పు ఎంత ప్రభావం చూపుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

కోవిడ్ సమయంలో తీసిన లెక్క కదా, నమ్మొచ్చా?

చాలావరకు నమ్మొచ్చు. ఇంగ్లండ్, వేల్స్ మొత్తంగా 97 శాతం ఇళ్లు ఫారం నింపాయి, మిగిలినవాళ్ల కోసం సర్వే చేసి సరిదిద్దారు. విద్యార్థులు క్లాసులు ఆన్‌లైన్‌లో జరిగి అమ్మానాన్నల ఇంట్లో ఉన్నా, చదివే ఊరి చిరునామాతోనే లెక్కలోకి రావాలన్నది నియమం. ఆ నియమం అందరూ పాటించి ఉంటారా అన్నది సందేహమే. పైగా లెస్టర్ దేశంలోనే మొట్టమొదటి స్థానిక లాక్‌డౌన్ చూసిన ఊరు, 2020 జూన్ నెలాఖరులో. యూనివర్సిటీల చుట్టుపక్కల వీధుల అంకెలు వాడేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం, నగరం మొత్తం అంకెకు అంత టెన్షన్ అక్కర్లేదు.

నేను తీసుకోబోయే ఇల్లున్న వీధి లెక్క చూడొచ్చా?

చూడొచ్చు, ఉచితంగా. ఆఫీస్ ఫర్ నేషనల్ స్టాటిస్టిక్స్ వెబ్‌సైట్‌లో సెన్సస్ మ్యాప్ ఉంది. పోస్ట్‌కోడ్ కొడితే ఆ చుట్టుపక్కల వయసులు, భాషలు, సొంత ఇళ్లు, అద్దె ఇళ్ల వాటా రంగుల్లో కనిపిస్తాయి. మరీ చిన్న విభాగాల్లో కొన్ని వందల మందే ఉంటారు, ఎవరినీ గుర్తుపట్టకుండా అక్కడి అంకెలను అటూ ఇటూ కాస్త మారుస్తారు. కాబట్టి ఇల్లు చూసుకునేటప్పుడు వెయ్యి నుంచి మూడు వేల మంది ఉండే విభాగం స్థాయిలో చూడండి. పోస్ట్‌కోడ్ కొట్టగానే పైన ఏ జిల్లా పేరు వచ్చిందో కూడా చూసుకోండి. 'లెస్టర్' అని అడ్రస్‌లో ఉన్నా పేరు బ్లేబీ అనో, ఓడ్‌బీ అండ్ విగ్‌స్టన్ అనో వస్తే, మీ కౌన్సిల్ ట్యాక్స్, పిల్లల స్కూల్ దరఖాస్తు వెళ్లే ఆఫీసులు వేరే.